తాలూకా ఆఫీసు నుంచి ఏడు మైళ్ళు

పోయిన శనివారం పొద్దున, అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో మా అబ్బాయి ఇంట్లో బియ్యం కొలిచి, కుక్కర్లో పోసే ముందు అలవాటు ప్రకారం దేవుని పేరిట ఒక గుప్పెడు తీసి ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలో వేయబోతున్నాను. ఇక్కడి చర్చిలో కానుకలన్నీ ఫోన్లోనే ఇచ్చేస్తారు, మా ఊళ్ళోలా బియ్యం ఎవరూ తేరు; అయినా మా అమ్మ నేర్పిన అలవాటు మానలేక నేను తీస్తూనే ఉంటాను, డబ్బా నిండాక మా అబ్బాయి దాన్ని లేనివాళ్ళకు సరుకులు పంచే చోట ఇచ్చి వస్తాడు. ఆ అబ్బాయే వంటగది గుమ్మంలో నిలబడి, నిన్న ఆఫీసులో నిజం చెప్పేశానమ్మా అన్నాడు. బియ్యం నా గుప్పిట్లోనే ఉండిపోయాయి.

సంగతేమిటంటే, వీడు ఈ దేశంలో మొదటి ఉద్యోగానికి వెళ్ళినప్పుడు, తోటి కుర్రాళ్ళందరిలాగే, చేయని పనిని మూడేళ్ళు చేసినట్టు రెజ్యూమేలో రాయించుకున్నాడు. ఇప్పుడు గ్రీన్‌కార్డు కాగితాల మీద ఆ మూడేళ్ళూ నిజమేనని సంతకం పెట్టమన్నారట. ఆదివారం పిల్లలకు బైబిలు పాఠం చెప్పే చేత్తో అది పెట్టలేనన్నాడు. ఉద్యోగం పోయింది. కొత్తది దొరక్కపోతే రెండు నెలల్లో ఇండియాకు సామాను సర్దుకోవాలి.

ఈ మాట నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను.

అయిదో తరగతి పాసయ్యాక మా పంతులుగారు నాకు తాలూకాలో ఆడపిల్లల గవర్నమెంటు హాస్టల్లో సీటు రాయించారు. దానికి కులం కాయితం కావాలి, అందులో హిందువు అని ఉండాలి, బాప్తిస్మం పుచ్చుకున్నామంటే ఇవ్వరు. మా పేటలో చాలామందికి రెండు పేర్లుండేవి, రిజిస్టరులో ఒకటి, మా ప్రార్థన గుడిలో ఒకటి. దాన్ని తప్పని ఎవరూ అనుకోలేదు, వానకు గొడుగు పట్టినట్టే అనుకున్నారు. ఏమడిగినా తల ఊపితే చాలని పంతులుగారు నాన్నకు ముందురోజే చెప్పి పంపారు. తీరా నన్ను వెంటబెట్టుకుని తాలూకా ఆఫీసుకు వెళ్ళాక, గుమాస్తా అడిగేసరికి నాన్న చేతులు కట్టుకుని, మేము ప్రభువును నమ్ముకున్నవాళ్ళమండీ, అబద్ధం చెప్పలేను అన్నాడు. గుమాస్తా కలానికి మూత పెట్టేశాడు. అంతే, నా చదువు అయిపోయింది.

ఇంటికొచ్చాక అమ్మ దేవుడికని తీసిన గుప్పెడు బియ్యాన్ని నేను కోపంతో మళ్ళీ ఎసట్లో పోసేశాను. అమ్మ బియ్యం కుండలోంచి ఇంకో గుప్పెడు తీసింది. తర్వాతి వారం నేను మిరపకోతకు పోయాను. ఆ తర్వాత ఊళ్ళో ఏ కల్లంలో ధాన్యం పంచుకోవాలన్నా ఆసాములూ కూలీలూ మా నాన్ననే కొలవమనేవారు, ఆయన కుంచం పట్టాక తిరిగి కొలిచినవాళ్ళు లేరు. అందరూ అది దేవుడిచ్చిన ప్రతిఫలమన్నారు. నాకు మాత్రం నా పలక పెట్టి కొనుక్కున్న గౌరవంలాగే కనిపించేది.

అందుకే శనివారం నా నోటివెంట అలాంటి మాట వచ్చింది.

"ఒరేయ్, సోమవారం పోయి నోరు జారానని చెప్పరా. కూర్చున్న కొమ్మ నరుక్కుంటారా ఎవరైనా?"

"తాతయ్య కులం కాయితం సంగతి నాకు వందసార్లు చెప్పింది ఎవరమ్మా?"

"ఆయనలా చెయ్యొద్దని చెప్పానురా."

"నాకు అలా వినపడలేదమ్మా."

హాల్లోంచి కోడలు, "వదిలేయండత్తయ్యా, అనాల్సినవన్నీ నిన్ననే అనేశాను, మీకేం మిగల్చలేదు" అంది.

దేవుడి పేరిట గుప్పెడు తీసే ఆడదాన్ని, అదే గుప్పిట బిగించుకుని కొడుకును అబద్ధమాడమన్నాను. నా మాటకు నేనే నిర్ఘాంతపోయాను.

ఇంతలో మా మనవరాలు మెట్ల మీద నుంచి, "డాడీ, మనం ఇండియా వెళ్ళాలా? నా స్కూల్ ఎలా?" అంది. అదీ అయిదో తరగతే. మళ్ళీ ఒక ఆడపిల్ల మీదే పడిందే అనుకున్నాను. అప్పుడు మా అబ్బాయి వెళ్ళి దాని పక్కనే మెట్టు మీద కూర్చుని, తను రాయించిన అబద్ధమేమిటో, ఇప్పుడెందుకు చెప్పాడో అంతా విడమరిచి చెప్పి, నా తప్పుకు నువ్వూ కష్టపడాల్సి వస్తోంది, సారీ నాన్నా అన్నాడు. అది ఏడుస్తూ "ఇట్స్ నాట్ ఫెయిర్" అంది. అవును, న్యాయం కాదు అన్నాడు వాడు. ఆ పిల్ల ఏడుపు ఆపలేదు గాని తండ్రి చెయ్యి కూడా వదల్లేదు.

మా కాలంలో పిల్లలకు కారణాలు చెప్పేవాళ్ళు కాదు, చెప్పాలని ఎవరికీ తోచేది కూడా కాదు. ఆ రోజు తాలూకా ఆఫీసు నుంచి ఏడు మైళ్ళు నాన్న ముందు నడిచాడు, నేను వెనక నడిచాను. ఇన్నేళ్ళూ నా కోపం పోయిన చదువు మీదే అనుకున్నాను. మెట్టు మీద ఆ ఇద్దర్నీ చూశాక దాని మీద కాదేమో అనిపించింది. ఆ ఏడు మైళ్ళలో నాన్న ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూస్తాడేమోనని, ఇల్లు చేరేదాకా ఆయన వీపు వంకే చూస్తూ నడిచాను.