రెండో చెంబు

ఎండకు కాలిన బండ మీద నీళ్లు పడితే ఒక వాసన లేస్తుంది. ఇప్పుడే అది నా గది దాకా వచ్చింది. ఆ వాసనతో పాటు, నన్ను పెంచిన మేనత్త గుర్తుకు వస్తుంది. పొలాలు, పనివాళ్లు, పలుకుబడి అన్నీ పోయాక ఎమ్మిగనూరులో మాకు మిగిలినవి పెద్ద తలవాకిలి, రెండు గదులు, యుద్ధం ముగిశాక మా నాయన కొన్న మిలిటరీ మోటారుసైకిలు. రెండు సిలిండర్లది. దాని మీద ఆదోని నుంచి వస్తూ ఆయన దారిలోనే పోయాడు. మోటారుసైకిలుకు గీత కూడా పడలేదు.

తర్వాత దాన్ని నేను నడిపాను. మలుపులో దాని చప్పుడు వినగానే అత్త వాకిట బండ మీద కాళ్లకు నీళ్లు పెట్టేది. రెండు ఇత్తడి చెంబులు. ఒకటి నాది. రెండోది ఎవరికని నేను అడగలేదు. మా ఇంట్లో అలాంటివి అడిగే అలవాటు లేదు. దీపం పెట్టేసరికి అదీ ఖాళీ అయ్యేది. ఆమే పారబోస్తుందనుకునేవాణ్ణి. పొయ్యి వెలగని రోజుల్లో కూడా అత్త ఒకరి వాకిట చెయ్యి చాచి నిలబడలేదు, నన్నూ నిలబడనివ్వలేదు.

ఒకనాడు ఆదోని రోడ్డు మీద, ఒకప్పుడు మా పొలం దున్నిన మనిషి కొడుకు కొత్త బండిలో నన్ను దాటిపోయాడు. అతని దుమ్ము నాకు మింగుడు పడలేదు. నేరుగా ఆదోనిలో బండ్లు బాగుచేసే మస్తాన్ సాబు షెడ్డుకు పోయాను. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టు మారిస్తే వేగం పెరుగుతుందని విని ఉన్నాను. ఆయన రెండు తెచ్చి ముందు పెట్టాడు. ఒకదాని ఉబ్బులు కొంచెమే ఎత్తు. మన రోడ్లకు అది చాలునన్నాడు. రెండోది మద్రాసులో పందెం బండి నుంచి తీసినది. నేను దాని మీద చెయ్యి వేశాను.

“అది వేగం మీద గాలి మాదిరి పోతాది సామీ. నిలబడితే దగ్గుతాది. బండి గొంతే మారిపోతాది.”

గొంతుతో నాకేం పని అన్నాను. సాబు నవ్వి, దాన్నే బిగించి, పాతదాన్ని నూనెగుడ్డలో చుట్టి ఇచ్చాడు. “మీ నాయన యింటే తన బండేనని ఒప్పుకోడు.”

తిరుగు దారిలో నన్నెవరూ దాటలేదు. ఇంటి ముందు చెంబులు లేవు. తలుపుకు గడియ వేసి ఉంది.

“ఎవురప్పా అది?” లోపలి నుంచి అత్త అడిగింది.

పేరు చెప్పాను. తలుపు తీసి, నా వెనక్కి చూసింది. “నువ్వొచ్చినావు. మా అన్న యాడ?”

అప్పుడే మలుపులో పాత చప్పుడు వినిపించింది. నిదానంగా, ఒకే తీరుగా. నా బండి ఆపేసి ఉంది. దాని పాత క్యామ్‌షాఫ్టు నా చేతిలోనే ఉంది. చప్పుడు మా వాకిలి దాకా వచ్చి, తగ్గి, మళ్లీ సాగిపోయింది. రోడ్డు మీద ఏమీ లేదు. దుమ్ము కూడా లేవలేదు.

“బండి గొంతు మారిపాయ గదా. మనిల్లు గాదనుకున్నాడప్పా,” అంది అత్త. ఏడవలేదు. నీళ్ల చెంబు తెచ్చి, పట్టుకొని చాలాసేపు నిలబడింది.

మర్నాడే ఆదోని పోయి పాతది బిగించుకొని వచ్చాను. సాయంత్రం బండ మీద రెండు చెంబులున్నాయి. అత్త పొయ్యి దగ్గరికి పోయింది. నేను రెండో చెంబు మీద నుంచి చూపు తిప్పలేదు. అది మెల్లగా ఒరిగింది. బండ తడిసింది. నా కాళ్లు ఇంకా చెప్పుల్లోనే ఉన్నాయి.

అత్త పోయింది. మోటారుసైకిలు కదలక ఏళ్లయింది. ఎందరో నన్ను దాటిపోయారు, పోనిచ్చాను. ఈ సాయంత్రం కూడా రెండు చెంబులూ నింపి పెట్టాను. బండ తడిసిన వాసన వస్తోంది. నేనింకా కుర్చీలోంచి లేవలేదు.