శేషం ఒకటి

లిఫ్టులు బాగుచేసి రిటైరైన ఆయన్ని వీధంతా శేషం బాబాయ్ అనే పిలుస్తుంది. బస్సు నంబరు కనబడితే చాలు, దాన్ని ఏడుతో భాగించి శేషమెంతో తేల్చుకుంటేగాని ఎక్కేవాడు కాదు. ఈలోగా బస్సు వెళ్ళిపోయేది, అది వేరే సంగతి.

ఈ పిచ్చికి మూలం ఓ పాత పత్రికలోని పజిల్ పేజీ. ముప్పై అంకెల సంఖ్య ఒకటి ఇచ్చి, ఇది ప్రధాన సంఖ్యా కాదా, అంటే ఒకటీ తనూ తప్ప ఇంకేదీ దాన్ని నిశ్శేషంగా భాగించదా అని అడిగారు. జవాబున్న సంచిక ఈయన చేతికి రాలేదు. ఇక చూస్కోండి! రెండుని మించిన ప్రధాన సంఖ్యకి ఓ గుణముంది. దానికంటే ఒకటి తక్కువ సార్లు రెండుని వేసి గుణించుకుంటూ పోయి, వచ్చినదాన్ని ఆ సంఖ్యతోనే భాగిస్తే శేషం ఒకటే మిగులుతుంది. ఈయన పాత కంప్యూటర్ ముందేసుకుని రెండుతో చూశాడు, ఒకటి. రెండుకి బదులు మూడుతో, అయిదుతో, ఇంకా వందల సంఖ్యలతో చూశాడు. ఎప్పుడూ ఒకటే. ఇంకేం, ప్రధానమేనని తీర్మానించేశాడు. "నా సవతి ఎలా ఉందండీ?" అని భార్య ఏళ్ళ తరబడి దెప్పుతూనే ఉంది. చివరికి లైబ్రరీ వాళ్ళు వచ్చి ఆ సంఖ్య గురించి మాట్లాడమన్నారు. బాబాయ్ బంధువులందర్నీ పిలిచేశాడు.

సభ ఉన్న రోజు మధ్యాహ్నం, కాలేజీలో లెక్కలు చెప్పే అన్న కూతురు లాప్‌టాప్‌తో వచ్చింది. తెరమీద చూపిద్దామని సంఖ్యని ఎక్కించి, ఊరికే ఒక ప్రోగ్రాం నడిపి, బిగుసుకుపోయింది.

"బాబాయ్... ఇది మూడు ముక్కలైంది."

"నీ మొహం! శేషం ఒకటి రాలేదూ?"

"వస్తుంది బాబాయ్. ప్రధానం కాకపోయినా నువ్వు చేసిన పరీక్షలో నెగ్గేసే దొంగ సంఖ్యలు కొన్నుంటాయి. ఇది వాటిల్లో ఒకటి."

ఆయన నమ్మలేదు. కాగితం లాక్కుని ఆ మూడు సంఖ్యల్నీ చేత్తో గుణించాడు. చివరి అంకె దాకా సరిచూశాడు. అదే సంఖ్య, పొల్లుపోకుండా అదే! సాయంత్రం అందరి ముందూ ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

ఇస్త్రీ చేసిన చొక్కా పట్టుకుని భార్య వచ్చింది. "ఏమైందండీ, అలా కొయ్యబారిపోయారు?"

"అది ప్రధానం కాదే. ఇన్నేళ్ళూ పిచ్చివెధవలా నమ్మాను."

పగలబడి నవ్వుతుందనుకున్నాడు. ఆమె మంచం మీద కూలబడింది. "కాదా?" అంది. కాసేపటికి, తనలో తను గొణుక్కుంటున్నట్టు, ముప్పై అంకెలూ వరసగా చెప్పేసింది. ఒక్కటీ తప్పలేదు.

బాబాయ్ కాగితం కింద పెట్టేశాడు. "నీకెలా వచ్చే ఇదంతా?"

"నా ఆపరేషన్ రోజు ఎవరిదో లిఫ్టు ఆగిపోయిందని వెళ్ళిపోయారుగా మీరు. నన్ను లోపలికి తోసుకెళ్తుంటే పైప్రాణాలు పైనే పోయాయి. పక్కన ఎవరూ లేరు. దీన్నే చెప్పుకున్నాను. దేనికీ లొంగదన్నారుగా."

అవమానం, సభ, బంధువులు అన్నీ ఎటో పోయాయి. ఆ రోజు తను అక్కడ లేడన్నదొక్కటే మిగిలింది. ఆమె చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"ఊరుకోండి," అంటూ ఆమె చొక్కా ఆయన ఒళ్ళో పెట్టింది. "తొడుక్కోండి. ఇద్దరం వెళ్ళి, ఇద్దరం మోసపోయామని చెబుదాం."