తొమ్మిదిమందిమి స్కీయింగుకి వెళ్ళిన వైనం

మా వాళ్ళతో ఏ ఊరు వెళ్ళే సంగతైనా విమానం ఎక్కేదాకా చెప్పకూడదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. నేను చెప్పలేదు కూడా. మా ఆయన చెప్పాడు. అదీ ఎక్కడ? ప్రార్థనలో.

ముందు నా గోడు కొంచెం చెప్పుకోవాలి. నేను మలేషియాలో, పోర్ట్ క్లాంగ్ రేవులో ఒక ఫార్వర్డింగ్ కంపెనీలో పని చేస్తాను. ఎవరి సరుకో ఎక్కడికో పోవాలంటే కాగితాలు సిద్ధం చేసి, కస్టమ్స్ వాళ్ళ చుట్టూ తిరిగి ముద్ర వేయించడం నా ఉద్యోగం. బిస్కెట్ డబ్బా కూడా ముద్ర లేకుండా దేశం దాటదు. అలాంటిదాన్ని ఒకరోజు భోజనాల వేళ ఫోనులో ఒక వీడియో చూశాను. ఆల్ప్స్ కొండల్లో ఒక మంచు గట్టు. ఇటు ఫ్రాన్సు, అటు స్విట్జర్లాండు, మధ్యలో ఒక సరిహద్దు రాయి. కాళ్ళకి స్కీలు తగిలించుకున్న మనుషులు ఇటునుంచి అటు హాయిగా జారిపోతున్నారు. అడిగేవాడు లేడు, ముద్ర కొట్టేవాడు లేడు, రెండు దేశాలకీ కలిపి ఒకటే పాసు. అన్నం చల్లారిపోయింది, నేను అదే వీడియో మళ్ళీ మళ్ళీ చూస్తూ కూర్చున్నాను. నేనూ అలా దాటాలి, నా కాళ్ళ మీద నేను, ఒక్కసారి.

స్కీయింగ్ నాకు బొత్తిగా రానిదేమీ కాదు. ఆఫీసు స్నేహితురాళ్ళతో రెండు శీతాకాలాలు జపాన్ వెళ్ళి, పడుతూ లేస్తూ నేర్చుకున్నాను. రబ్బరు ఎస్టేటు కూలీల లైన్ ఇళ్ళలో పుట్టినదానికి మంచులో ఆటలేమిటని వెక్కిరించినవాళ్ళు వెక్కిరించారు. వాళ్ళ సంగతి వదిలేయండి, అసలు అడ్డం నా కుడి మోకాలు. క్లాంగ్‌లో ఎముకల డాక్టరు ఎక్స్‌రే లైటుకి అడ్డం పెట్టి చూసి, "వెళ్తే ఈ శీతాకాలమే వెళ్ళండి మేడమ్. వచ్చే ఏడు నన్ను అడగొద్దు, నేను వద్దనే అంటాను" అన్నాడు. అంటే ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఆ మాటే మా ఆయనకి చెప్పాను. పాపం, మంచివాడే. మనిద్దరం వెళ్దాం అన్నాడు. మనిద్దరం అనే అన్నాడు, నా రెండు చెవులతో విన్నాను.

మా చర్చిలో ఎవరు దూరదేశం వెళ్ళినా ముందుగా ఇంట్లో ప్రయాణ ప్రార్థన పెట్టుకోవడం ఆనవాయితీ. వచ్చినవాళ్ళకి బిర్యానీ, చేపల పులుసు పెట్టాలి. పాస్టరుగారు ప్రార్థన అంశం ఏమిటని అడిగితే, తలనొప్పి మాత్రమే చెప్పుకునేవాళ్ళు ఉంటారు, ఊరంతా చెప్పుకునేవాళ్ళు ఉంటారు. మా ఆయన రెండో రకం. నా మోకాలు, డాక్టరు మాట, ఆల్ప్స్, ఫ్రాన్సు, స్విట్జర్లాండు, టిక్కెట్ల తారీకు అన్నీ అప్పజెప్పేశాడు. ఆమెన్ అనగానే మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, నా పక్కకి జరిగింది.

"ఓలమ్మో! అంత దూరం మీ ఇద్దరే ఎల్తారేటి? ఆ మంచులో మీకేటైనా అయితే సూసేవాళ్ళెవరు?"

"మేం చూసుకుంటాం వదినా."

"ఏటి సూసుకుంటారు? మేమూ వస్తాం లాహ్. అందరం కలిసి ఎల్తే అదో సంతోషం."

మాట చివర ఆ లాహ్ మా మలేషియా ఊతపదం. మేమూ వస్తామంటే మా వాళ్ళలో వద్దు అనే జవాబు లేదు. నవ్వాలి, అంతే. నవ్వాను. బిర్యానీ గిన్నెలు కడిగేలోపల వదిన, వాళ్ళాయన, వాళ్ళ కొడుకూ కోడలూ, మా చిన్న మామగారూ అత్తగారూ, చర్చిలో పియానో వాయించే ఆవిడా తేలారు. మేమిద్దరం కలిపి తొమ్మిదిమందిమి.

అందరూ వెళ్ళాక మా ఆయన మీద పడ్డాను. "ఇప్పుడేం చేస్తారు?"

"అక్కతో వద్దని ఎలగ సెప్తానే? నీకూ తోడు ఉంటాది కదా."

"తోడు కావాలని నేనడిగానా?"

దానికి ఆయన టీవీ పెట్టుకున్నాడు.

ఆ తరవాత మా ఇల్లు ఇల్లులా లేదు. మా బంధువర్గంలో చలికోట్లు ఎవరి సొంతమూ కాదు. ఎప్పుడో లండన్‌లో చదువుకున్న ఒకాయన కోటు మూడు తరాలుగా తిరుగుతూనే ఉంది. అవన్నీ పోగై మా హాల్లో గుట్టగా పడ్డాయి, కలరా ఉండల వాసనతో. వదిన రైస్ కుక్కరు తెచ్చింది. బియ్యం తెచ్చింది. సంబల్ కారం సీసాలూ, వేయించిన ఎండు నెత్తళ్ళూ, రసం పొడీ తెచ్చింది. "అక్కడ బియ్యం దొరుకుతాయి వదినా" అంటే, "దొరికినా మన బియ్యంలాగుంటాయేటి?" అంది. నా స్కీ ప్యాంటుకి పెట్టెలో చోటు లేక, ఇరవై ఎనిమిదో పుట్టినరోజు చేసుకున్న పెద్దమనిషి, ఆవిడ కొడుకు, తన పెట్టెలో పెట్టుకుని దాని మీద చిప్స్ ప్యాకెట్లు సర్దాడు.

కొండల్లో ఫ్రాన్సు వైపు ఒక చెక్క ఇల్లు అద్దెకి తీసుకున్నాం. పొద్దున్నే కొండెక్కించే లిఫ్టులు తెరుస్తారు. పొద్దున్నే వెళ్ళినవాళ్ళకే మెత్తటి మంచు. మా ఇంట్లో పొద్దున్నే అన్నం వండుతారు. నెత్తళ్ళు మళ్ళీ వేయిస్తారు. ఆ పొగకి పైకప్పులో అలారం కూసింది. ఇల్లు అద్దెకిచ్చినావిడ రాత్రి బట్టలతోనే పరుగెత్తుకొచ్చి, మంట ఎక్కడా ఎక్కడా అని ఫ్రెంచిలో అరిచింది. వదిన ఆవిడ చేతిలో ఒక గిన్నెడు సంబల్ పెట్టి పంపించింది. ఆవిడ మళ్ళీ కనపడలేదు.

ఎవరూ ఒక్కరూ ఎక్కడికీ వెళ్ళకూడదు. ఇది రాసిపెట్టిన రూలు కాదు, అయినా రూలే. ఒకరు బాత్రూములో ఉంటే ఎనిమిదిమంది కోట్లు తొడుక్కుని గుమ్మంలో చెమటలు కారుస్తూ నిలబడాలి. ఒకరికి కాఫీ కావాలంటే అందరికీ కావాలి. మొదటిరోజు బూట్ల దుకాణంలోనే అయిపోయింది. స్కీ బూట్లలో కాలు పెట్టి వదిన, "ఇయ్యి సెప్పులా, సంకెళ్ళా?" అని అక్కడే విప్పేసింది. మరుసటి రోజు ఫొటోలు. ఆ తరవాత పొగమంచు, లిఫ్టులు మూసేశారు. ఇంకోరోజు నేను ఎవరికీ చెప్పకుండా కింద పిల్లలు నేర్చుకునే చోట కాసేపు సాధన చేస్తున్నానో లేదో ఫోను. రైస్ కుక్కరు పెట్టగానే ఇంట్లో కరెంటు పోయిందట. నేనేమైనా కరెంటు మేస్త్రీనా? అయినా వెళ్ళాను. వెళ్ళకపోతే అదొక మాట.

ఆ మధ్యాహ్నమే మా చిన్న మామగారు గుమ్మం ముందు ఐసు మీద జారి మణికట్టు బెణికించుకున్నారు. క్లినిక్కి ఎవరో ఒకరు తీసుకెళ్తే సరిపోయేది. తొమ్మిదిమందిమీ వెళ్ళాం. డాక్టరమ్మ తలుపు తెరిచి మా అందరినీ చూసి, బస్సు ప్రమాదం ఏమైనా జరిగిందా అని అడిగింది. నాకు నవ్వు రాలేదు. కిటికీలోంచి కొండ కనిపిస్తోంది. ఎండ కాస్తోంది. వారం మొత్తంలో అంత మంచి ఎండ మళ్ళీ రాలేదు.

ఇంటికొచ్చాక నాకు పట్టరాని కోపం వచ్చింది. మా ఆయన్ని గదిలోకి లాగి, "రేపు ఆఖరి రోజు. నేను ఒక్కదాన్నే పోతాను" అన్నాను.

"ఒక్కదానివే ఎల్తే అక్క ఏటనుకుంటది?"

"ఏమైనా అనుకోనివ్వండి! ఈ మోకాలు మళ్ళీ నన్ను ఇక్కడికి తీసుకురాదు. అక్కగారు అనుకునేది పెద్దదా, ఇది పెద్దదా?"

అరిచాను. చెక్క గోడలు కదా, ఇల్లంతా వినపడింది. వంటింట్లోంచి వదిన గొంతు: "ఎందుకలగ అరుస్తావే పిల్లా? రేపు అందరం కలిసి నిన్ను కొండమీదకి సాగనంపుతాం లాహ్!"

సాగనంపుతారట. ఎవరైనా విమానం ఎక్కుతుంటే వ్యాను నిండా జనం ఎయిర్‌పోర్టుకి వెళ్ళి చేతులూపి వచ్చే వాళ్ళం మేము. కొండకీ అదే పద్ధతి. దుప్పటి మీదకి లాక్కుని పడుకున్నాను.

పొద్దున్న తొందరగా బయల్దేరదామంటే అందరికీ అన్నం తపావ్, అంటే పొట్లాలు, కట్టాలన్నారు. కట్టారు. తీగ మీద కొండెక్కే గొండోలా పెట్టెలో స్కీలు లేనివాళ్ళు కూడా పైకి రావచ్చు కాబట్టి అందరూ ఎక్కారు. పైన కూర్చుని ఆ పొట్లాలు విప్పారు. తిన్నారు. ఫొటోలు దిగారు. ఒకే కోటు మార్చి మార్చి వేసుకుని దిగారు. ఆ గట్టు మీదకి, ఆ రాయి దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం వాలిపోయింది. అక్కడ ఎర్ర జాకెట్టు వేసుకున్న గస్తీ మనిషి తాడు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నా స్కీలు చూసి ఇంగ్లీషులో చెప్పాడు. "ఇప్పుడు అటు దిగితే మళ్ళీ పైకి రావడానికి లిఫ్టు ఉండదు. మూసేస్తున్నారు. స్విట్జర్లాండులో ఉండిపోతారు. కొండ చుట్టూ తిరిగి రావాలంటే రోడ్డు మీద రెండు మూడు గంటలు. ఇంకాసేపట్లో దారికి అడ్డంగా ఈ తాడు కట్టేస్తాను."

మా ఆయన వెంటనే అందుకున్నాడు. "వద్దులేవే. రాయి సూసినావు కదా, సాలు. ఫొటో తీస్తాను, అటు కాలు పెట్టి నిలబడు."

ఫొటో! ఇంత దూరం వచ్చి, ఇన్నాళ్ళు అన్నం వండి, క్లినిక్కులో కూర్చుని, ఒక కాలు అటు పెట్టి ఫొటో దిగడానికా నేను వచ్చింది?  అందరూ తలా ఒక మాట అంటున్నారు. చలి అని ఒకరు, చీకటి పడుతుందని ఒకరు, వచ్చే ఏడు వద్దామని ఇంకొకరు. వచ్చే ఏడట.

వదిన చెయ్యెత్తింది. "ఆగండి. ముందు ప్రార్థన సేసుకుందాం. తరవాత ఆలోసిద్దాం."

ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను. ప్రార్థన అయ్యేసరికి తాడు కట్టేస్తారు. అందరూ గుండ్రంగా నిలబడి చేతులు పట్టుకున్నారు. నా చేతుల్లో స్కీ కర్రలు ఉన్నాయి, నన్ను ఎవరూ పట్టుకోలేదు. కళ్ళు మూసుకున్నారు. వదిన గొంతెత్తింది. "ప్రేమగల తండ్రీ, ఈ బిడ్డ మోకాళ్ళకి బలమియ్యండి ప్రభువా..."

నేను కళ్ళు మూసుకోలేదు. గస్తీ మనిషి కేసి చూశాను. అతను తాడు కిందకి దించి పట్టుకున్నాడు. నేను వాలు వైపు తిరిగాను, కర్రలతో మెల్లగా నెట్టుకున్నాను. రాయి నా పక్కనుంచి వెనక్కి వెళ్ళిపోయింది. వెనకాల వదిన గొంతు ఫ్రాన్సు దేశాన్ని దీవించమంటోంది.

ఎవరూ అరవలేదు. ఎవరూ పిలవలేదు. వాలు పెద్ద కష్టమైనది కాదు, నీలం గుర్తు దారి. అయినా ప్రతి మలుపుకీ మోకాలు కలుక్కుమంది. ఒకచోట పడ్డాను, ముక్కులోకి మంచు పోయింది, లేచాను. దేవదారు చెట్లు మొదలయ్యాక చుట్టూ ఎవరూ లేరు. వారం తరవాత మొదటిసారి నాకు నా ఊపిరి చప్పుడు వినపడింది. గట్టిగా నవ్వాను. పిచ్చిదానిలా పాట కూడా పాడుకున్నాను. కింద ఊరు కనపడగానే ఆపి, నిలబడి, బాగా ఏడ్చాను. దిగిపోతే అయిపోతుందని ఏడ్చాను.

ఊళ్ళో ఒక కాఫీ దుకాణంలో కూర్చున్నాక ఫోను మోగింది. మా ఆయన తిట్లు దుకాణంలో అందరికీ వినపడ్డాయి. ఎక్కడున్నానో చెప్పాను. ఆయన ఒక్కడే వస్తే సరిపోదా? చీకట్లు కమ్ముతుంటే మా అద్దె వ్యాను వచ్చి ఆగింది. ఎనిమిదిమందీ ఉన్నారు. చేతికి కట్టుతో ఉన్న మా చిన్న మామగారితో సహా.

ఎక్కగానే మొదలుపెట్టారు. మా ఆయన ముందు సీట్లోంచి, మిగతావాళ్ళు వెనకనుంచి. దేవుణ్ణి ప్రార్థించేటప్పుడు మధ్యలో పారిపోతారా అని పియానో ఆవిడ.  వదిన మాత్రం జరిగి పక్కన చోటిచ్చి, తువ్వాల్లో చుట్టిన అన్నం పొట్లం నా ఒళ్ళో పెట్టింది. ఆవిడ తిట్టకపోయేసరికి నాకు భయమేసింది.

"వదినా, ప్రార్థన మధ్యలో అలా వెళ్ళకూడదు. మీకు కష్టంగా ఉంటే..." అన్నాను, మెల్లగా.

ఆవిడ ముందు సీటు వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"నాను కళ్ళు తెరుసుకునే ప్రార్థన సేసినాను పిల్లా. నువ్వు కదలడం సూసినాను. ఆపేస్తే ఈళ్ళందరూ కళ్ళు తెరుస్తారు, మీ ఆయన నీ ఎనకాల పరిగెడతాడు. అందుకని దేశాలెత్తుకున్నాను. ఫ్రాన్సు అయిపోయింది, స్విట్జర్లాండు అయిపోయింది, మలేషియా అంతా అయిపోయింది. నువ్వేమో ఇంకా మలుపు కాడే ఉన్నావు. ఎంత నెమ్మదిగా ఎల్తావే! ఇంకేటీ తోచక ఇండోనేషియా కోసం కూడా ప్రార్థన సేసినాను."

 పొట్లం మీద పెట్టిన నా చేతిని ఆవిడ గట్టిగా నొక్కింది.

"నువ్వు సెట్ల సాటుకి పోయినాకే ఆమెన్ అన్నాను. తిను, సల్లారిపోతంది."