ఆ అతుకు నాదే

మేం పోస్టుకి చేరింది అక్టోబరు మొదటి వారం, మధ్యాహ్నం రెండూ నలభైకి. పన్నెండు వేల అడుగుల ఎత్తు. చెట్టన్నది లేదు. రాయి, ఇసుక, గాలి. ఆరు బంకర్లు, ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డు నాది. నేను బండ్ల మెకానిక్‌ని. పదిహేడేళ్ల సర్వీసులో తుపాకీ కంటే స్పానరే ఎక్కువ పట్టుకున్నాను. యుద్ధం చూశావా అని ఊళ్లో అడుగుతుంటారు. నేను చెప్పగలిగింది ఒక జీపు సంగతే.

పోస్టులో రెండు ట్రక్కులు, ఒక జీపు. జీపు నాకంటే ముందే సైన్యంలో చేరింది. దాని డ్రైవర్‌ది శ్రీకాకుళం వైపు. అక్కడ తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. నన్ను మేస్త్రీ అనేవాడు. పొద్దున్నే షెడ్డులోకి తొంగిచూసి, "ఏటి మేస్త్రీ, మన ముసిల్దానికి సలి తగ్గిందా?" అనేవాడు.

ఫిబ్రవరిలో మూడు రోజులు మంచు పడి తెరిపిచ్చింది. కింది డిపో నుంచి కిరసనాయిలు, మందులు తేవాలి. ఆ దారిలో ట్రక్కులు ఇంకా కదలవు. జీపే పోవాలి. కిందికి దూరి చూశాను. వెనక ఎడమ చక్రం మీది స్ప్రింగు కమాను తగిలించేచోట చాసిస్ చట్రం చీలింది. నాలుగు వేళ్ల పొడుగు. తుప్పంతా గోకాలి, లోపల ప్లేటు పెట్టాలి, అప్పుడు వెల్డింగ్ చెయ్యాలి. రెండు రోజుల పని.

పోస్టు చూసుకునే సుబేదార్ సాబ్ అడిగారు. "ఎంత టైం కావాలి? ఉన్నదున్నట్టు చెప్పు."

"రేప్పొద్దున్నకి ఇస్తాను సాబ్."

ఆయన తొందరపెట్టలేదు. ఎందుకలా అన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. వేళ్లు పగిలి రక్తం కారుతున్నాయి. స్టవ్ పక్కన కూర్చోవాలని ఉంది. ఎలాగోలా వదిలించుకుందామనుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి మొదలెట్టి ఐదున్నరకి ముగించాను. ప్లేటు పెట్టలేదు. వెల్డింగ్ రాడ్లు చెమ్మగా ఉన్నాయి. బుడగలు రాకుండా వేడిచేసి ఆరబెట్టాలి, ఆరబెట్టలేదు. పైకి అతుకు బాగానే కనబడింది. దాని మీద నల్లరంగు కొట్టేశాను.

పొద్దున్న ఆరింటికి డ్రైవర్ వంగి చూశాడు. "ఆగతాదా మేస్త్రీ?"

"ఆగతాది. పో."

ఏడూ పదికి వైర్‌లెస్‌లో కింది చెక్‌పోస్టు పలికింది. "జీపు లోయలోకి పడింది. డ్రైవర్ బతికున్నాడు. ఎడమ కాలు ఇరుక్కుంది. ఓవర్."

ఆ కాలు మోకాలి పైదాకా తీసేశారు.

బండిని పైకి లాగిన రోజు నేను అక్కడే ఉన్నాను. అతుకు ఊడిపోయి ఉంది. లోపలంతా బుడగలు. ఇనుము ఇనుముని పట్టుకోనే లేదు. అప్పటికే కాగితం రాసేశారు, మంచు మీద జారిందని. నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ తర్వాత ఏడేళ్లకి సర్వీసు ముగించుకుని ఇంటికొచ్చాను. మా ఊరు మన్యంలో, జి.మాడుగుల దాటాక పైన ఉంటుంది. చివరి నాలుగు కిలోమీటర్లు మట్టిదారి. వానాకాలం సర్వీసు జీపులు రావు. సంతకైనా ఆసుపత్రికైనా నడకే. పాడేరులో ఒక కాఫీ వ్యాపారి దొడ్లో పాత మిలటరీ జీపు పడుందని మా బావ చెప్పాడు. వెళ్లి చూస్తే సీట్ల మీద కోళ్లు పొదుగుతున్నాయి. ట్రాక్టరుకి కట్టి పైకి తెచ్చుకున్నాను.

నవంబరు నుంచి అదే డ్యూటీ. ఇంజను దించి విప్పాను. బ్రేకు పైపులు మార్చాను. ఎలకలు కొరికిన వైర్లన్నీ కొత్తగా లాగాను. చిల్లులు పడిన నేలరేకు కోసేసి కొత్త రేకు వేశాను. వెల్డింగ్ మిషను పాడేరు నుంచి అద్దెకి తెచ్చాను. మా ఊళ్లో వోల్టేజీ నిలబడేది పన్నెండు నుంచి రెండు దాకానే. ఆ రెండు గంటలూ మా ఆవిడ సింగారమ్మ కాఫీ పళ్లు ఏరడం ఆపి, పక్కన నిలబడి పనిముట్లు అందించేది.

చాసిస్ ఒక్కటి మిగిలింది. పాత జీపులకి సాధారణంగా పాడయ్యేచోటే ఇదీ పాడైంది. వెనక కమాను దగ్గర. తుప్పు తినేసి వేలు దూరేంత కన్నం. ఆరు వారాలు దాని జోలికి పోలేదు. పెయింటు వేశాను. లైట్లు వెలిగించి చూశాను. దాని జోలికి మాత్రం పోలేదు.

ఒకరోజు సింగారమ్మ అడిగింది. "అంతా అయిపోనాది. ఇదేటి వదిలేసినావు?"

"చేస్తాను."

"దీనిమీద కాఫీ బస్తాలే ఏత్తావా, మనుషుల్ని కూడా ఎక్కిస్తావా?"

"మనుషుల్నే." అన్నాను. వెల్డింగ్ హోల్డర్ కింద పెట్టేసి, బురదలోనే కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆవిడ ఓదార్చలేదు.

"ఆయనకి సెప్పినావా?"

"లేదు."

"మరి నాకెందుకు సెప్తన్నావు?"

మర్నాడు ఫోను చేశాను. "మేస్త్రీ! బతికేవున్నావా!" అని నవ్వాడు డ్రైవర్. ఒక మాట చెప్పాలన్నాను. ఫోనులో వద్దు, మీ కొండలు సూసినట్టుంటాది, వొస్తానన్నాడు. గురువారం పాడేరులో బస్సు దిగాడు. బావ మోటారుసైకిలు మీద పైకి తెచ్చాడు. మనిషి లావయ్యాడు. కట్టుడుకాలు కనబడకుండా పంచె కట్టాడు.

అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి చెప్పాను, పై అధికారికి రిపోర్టు ఇచ్చినట్టు. "ఆ అతుకు నాదే. లోపల పట్టలేదు. నువ్వు పడింది మంచు వల్ల కాదు."

సింగారమ్మ ఇచ్చిన టీ అతను తాగలేదు. గ్లాసు కింద పెట్టి అడిగాడు. "నీకెప్పుడు తెలిసినాది?"

"బండి పైకి లాగిన రోజే."

"అంటే నాను ఆస్పత్రిలో ఉన్నప్పుడే."

"అవును."

"ఎనిమిదేళ్లు, మేస్త్రీ. మలుపు కాడ బ్రేకు తొక్కినాను. తొక్కకుంటే పడకపోదును అని ఎనిమిదేళ్లు అనుకున్నాను. మళ్లీ స్టీరింగు ముట్టుకోనేదు. నా పెళ్లాం అడిగితే నా తప్పేనని సెప్పినాను. కాలు పోతే పోనాది. ఆ మాట నువ్వు బేగి సెప్పుంటే..."

లేచి వెళ్లి కాఫీ మొక్కల్లో అటు తిరిగి నిలబడ్డాడు. క్షమించమని అడగలేదు నేను. అడిగే మొహం ఎక్కడుంది?

గంట తర్వాత వచ్చాడు. "మీకు కరెంటు ఎప్పుడు నిలబడతాది?"

"పన్నెండింటికి."

"అయితే మొదలెట్టు. నాను ఇక్కడే కూసుంటాను. తొందరపడకు."

మూడు రోజులు పట్టింది. తెల్లటి ఇనుము కనబడేదాకా తుప్పు గీకాను. ప్లేటు కోసి లోపల బిగించాను. రాడ్లు పొద్దున్నే పొయ్యి పక్కన పేర్చి ఆరబెట్టాను. ఒక్కో అతుకు వేశాక మీద పేరుకున్న చిట్టెం కొట్టి, చల్లారాక పక్కకి జరిగేవాణ్ణి. అతను టార్చి వేసి వేలితో తడిమి చూసేవాడు. "ఇక్కడ బుడగుంది" అంటే కోసేసి మళ్లీ వేసేవాణ్ణి. రెండుసార్లు అలా కోయించాడు. నడుం విరిగిపోయింది. కళ్లల్లో ఇసుక పోసినట్టుంది. శనివారం రెండింటికి సుత్తి తీసుకుని తనే పదిసార్లు బలంగా కొట్టాడు. చెవి ఆనించి విన్నాడు.

"ఊఁ" అన్నాడు. అంతే.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి అతన్ని పాడేరు బస్సుకి దించాలి. జీపుకి అదే మొదటి ప్రయాణం. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"దిగు."

"క్లచ్చు ఎడమ కాలితో తొక్కాలి కదా..."

"నాకు తెలీదేటి? నాను తొక్కుతాను. గేరు నువ్వెయ్యి."

దిగి ఇటువైపు వచ్చి కూర్చున్నాను. సింగారమ్మ వెనక సీటు ఎక్కి కమ్మీ గట్టిగా పట్టుకుంది. పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. నాలుగు కిలోమీటర్ల మట్టిదారి, పదహారు మలుపులు. అతుకు ఆగింది. పాడేరు బస్టాండులో దిగి సంచి భుజాన వేసుకున్నాడు. మళ్లీ వస్తాననలేదు, రాననీ అనలేదు. బస్సెక్కి కిటికీలోంచి ఒకసారి జీపు వైపు చూశాడు.

ఇప్పుడా జీపు వారవారం సంతకి పోతోంది. చాలా దారులు మర్చిపోయాను. పోస్టులో ఉన్నవాళ్ల మొహాలు కూడా సరిగ్గా గుర్తుకు రావు. ఆ ఆదివారం ప్రయాణం మాత్రం పోదు. అతని కుడిచెయ్యి స్టీరింగు మీద, కళ్లు దారి మీద. ప్రతి మలుపు ముందూ ఎడమ అరచెయ్యి తన కట్టుడు మోకాలి మీద వేసి, వేళ్లు తెల్లబడేదాకా కిందికి నొక్కుతున్నాడు. నా వైపు తిరక్కుండానే అంటున్నాడు, "సెకండు."

వేస్తున్నాను.