శ్రావణి అక్క వయొలిన్‌ను నేను కాలనివ్వలేదు

నిన్న పొద్దున మరమగ్గాల షెడ్డులో సాంచాల మోతకు ఫోన్ వినపడలేదు. చూసేసరికి పదకొండు మిస్డ్ కాల్స్.

"శ్రావణి ఇగ లేదురా" అని మా అవ్వ ఏడుస్తోంది.

శ్రావణి అక్క. మా పెద్దమ్మ బిడ్డ. హైదరాబాద్‌లో యూనివర్సిటీ మ్యూజిక్ కాలేజీ, వయొలిన్, థర్డ్ ఇయర్.

నాలుగు రోజుల డెంగీ జ్వరం. అంతే.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఇంటి పిల్ల వయొలిన్ చదువుతానంటే ఎంత నవ్వారో. "పెండ్లిల్లల్ల వాయించబోతవా బిడ్డా?" అని గల్లీలో అడగని మనిషి లేడు.

"నీ రెండో పెండ్లికి పిలువు కాకా, వస్త" అనేది అక్క.

ఎంట్రన్స్ రోజు తోడుగా నేనే వెళ్లాను. లోపలికి పిలిచే ముందు శ్రుతి చేస్తుంటే తీగ తెగింది. కొత్త తీగ లేదు.

అక్క సంచిలోంచి పాత తీగ ముక్క తీసి, తెగిన కొసకు ముడేసింది. సాంచ మీద పోగు తెగితే మేం రోజూ వేసే ముడే. ముడి పైన తీగ బిగించే బిరడ దగ్గర పడింది కాబట్టి వేళ్లకు అడ్డం రాలేదు.

లోపల సార్ చూసి "ఇదేం ముడమ్మా?" అన్నారట.

"తెగిందని బట్ట ఆపం సార్. ముడేసి నడిపిస్తం."

సీటు వచ్చింది.

నేను తొమ్మిదిలోనే బడి మానేసినవాణ్ణి. సెలవులకు వచ్చినప్పుడల్లా వయొలిన్ నా చేతిలో పెట్టేది. "ముందు టెన్త్ రాయిరా. మా కాలేజీల సర్టిఫికెట్ కోర్సుల నిన్ను కూసోబెడ్త."

నేను నవ్వి, బైక్ తీసుకుని పోయేవాణ్ణి.

నిన్న సాయంత్రం పెద్దలు ఆ వయొలిన్ తెచ్చి పాడె మీద పెట్టారు. ఇష్టమైన వస్తువు మనిషితోనే పోవాలట. పద్ధతి.

నేను తీసేశాను.

మా మేనమామ మీదికొచ్చాడు. "బడి మానేసినోనివి, దాని గురించి నీకేం ఎరుకరా?"

"ఎరుక లేదు మామా. గందుకే నేర్సుకుంట."

లాక్కోబోయాడు. నేను వదల్లేదు.

పెద్దమ్మ లేచి నిలబడింది. "ఇడువుండ్రి. నా బిడ్డ దాన్ని కాలవెట్టనీకి నేర్సుకోలే."

మామ చెయ్యి తీసేశాడు.

మామా, ఈ పోస్ట్ నువ్వూ చూస్తావని తెలుసు. తిట్టుకో. రేపే ఓపెన్ టెన్త్ ఫారం తెస్తున్నా.

ఇవాళ పొద్దున వయొలిన్ భుజానికి ఆనించుకుని కమాను లాగాను. పిల్లి తోక తొక్కినట్టు వచ్చింది. పక్కింటివాళ్లు కిటికీ మూసుకున్నారు.

మూసుకోనీ.

పోయి రా అక్కా. నువ్వు నిమ్మలంగా ఉండు.

నేను మాత్రం ఊకోను.