చేతులు వెనక్కి కట్టుకున్న ఏడాది

మొన్న సాయంత్రం పాల ప్యాకెట్టు కోసం మెట్లు దిగి వెళుతున్నాను. మా కింది వాటాలో అద్దెకుంటున్న అమ్మాయి కూతురు, ఎనిమిదేళ్ళది, గేటు దగ్గర సైకిలు తలకిందులుగా పెట్టుకుని ఊడిపోయిన చైను ఎక్కించే ప్రయత్నంలో ఉంది. చైను పళ్ళకి తగులుకున్నట్టే తగులుకుంటుంది, పిల్ల పెడలు తిప్పగానే జారిపోతుంది. నేను అక్కడే ఆగి చూస్తూ ఉండిపోయాను. మూడోసారి జారేటప్పటికి పిల్ల గౌనంతా నల్లటి గ్రీజు. ఇంతలో వాళ్ళమ్మ బయటికొచ్చి, "అదేంటాంటీ, అలా చూస్తా నిలబడ్డారు? కాస్త ఎక్కించకూడదూ?" అంది. అప్పుడు చూసుకున్నాను, నా రెండు చేతులూ వీపు వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. నవ్వేసి ముందుకు నడిచానే గాని, కొట్టుదాకా వెళ్ళి వచ్చేలోపు మనసు ఇరవై ఏళ్ళు పైగా వెనక్కి వెళ్ళిపోయింది.

చేతులు అలా వెనక్కి వెళ్ళడం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. చిన్నప్పుడు మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. అన్నం తింటూ మధ్యలో లేచి వీధిలోకి తొంగిచూసి వచ్చేదాన్ని, జడ వేయించుకుంటూ ఇల్లంతా తిరిగేదాన్ని, దువ్వెన పట్టుకుని మా అమ్మ వెనకాల తిరిగేది. పెళ్ళయి సత్తెనపల్లి వచ్చాక అక్కడొక ప్రైవేటు బళ్ళో ఏడేళ్ళు మూడో తరగతికి పాఠాలు చెప్పాను, ఆ ఏడేళ్ళలో కుర్చీలో కూర్చున్న గుర్తు లేదు. బల్లల మధ్య తిరుగుతూ ఉండేదాన్ని, చేతిలో స్కేలు ఉండేది. కొట్టేదాన్ని. రాయడానికి సిగ్గుగా ఉన్నా రాయక తప్పదు. ఆ రోజుల్లో కొట్టని టీచరును తల్లిదండ్రులే నమ్మేవారు కాదని మీకూ తెలుసు, మనమంతా ఆ స్కేళ్ళ కింద పెరిగినవాళ్ళమే.

ఒక ఆదివారం మధ్యాహ్నం, అప్పుడు రెండో తరగతి చదువుతున్న మా అబ్బాయి, మా ఆడపడుచు పిల్లలిద్దరినీ గోడవారగా కూర్చోబెట్టి బడి ఆట ఆడుతున్నాడు. నేను వంటింట్లోంచి వింటున్నాను. "నోరు మూస్తావా, మూయించనా?" అన్నాడు. ఆ గొంతు నాది, చివర్లో ఆ విరుపు నాది. బయటికి వచ్చి చూస్తే వాడి చేతిలో ఉన్న స్కేలు కూడా నా సంచిలోదే. ఆ వారమంతా నాకు స్థిమితం లేదు. బళ్ళో స్కేలు పట్టుకుంటే వాడి ముఖం కనిపించేది, వదిలేస్తే క్లాసు నా మాట వినేది కాదు.

ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి మాంటిస్సోరి పద్ధతిలో చదువు చెప్పడానికి గుంటూరులో ఏడాది శిక్షణ ఇస్తున్నారని ఎవరో అంటే, అది ఏమిటో సరిగ్గా తెలుసుకోకుండానే బళ్ళో రాజీనామా ఇచ్చేశాను. తొందర నా స్వభావం మరి. మా అత్తగారు బుగ్గన వేలేసుకుని, "పిల్లకాయల్ని ఆడించడానికి కూడా చదువుకోవాలంటమ్మా!" అని వీధంతా చెప్పుకున్నారు గాని, ఆ ఏడాదంతా తెల్లారి ఆరున్నర బస్సుకి నా క్యారియరు కట్టి ఇచ్చింది కూడా ఆవిడే.

మాకు శిక్షణ ఇచ్చినావిడ ఒంగోలు వైపు మనిషి, అరవై దాటినా నిటారుగా నడిచేవారు, గొంతు పెంచగా ఎవరూ వినలేదు. మేం మేడంగారు అనేవాళ్ళం. మొదటి నెలలో ఆవిడ మాకు పాఠం చెప్పడం నేర్పలేదు, కూర్చోవడం నేర్పారు. శిక్షణ కేంద్రానికి ఆనుకునే ఉన్న బళ్ళో ఒక మూల పొట్టి కుర్చీలో గంటసేపు కదలకుండా కూర్చుని, పిల్లలు ఏం చేస్తున్నారో చూసి రాయాలి. మాట్లాడకూడదు, సాయం చెయ్యకూడదు, నవ్వి పలకరించకూడదు. నిలబడి చూసేటప్పుడు చేతులు వెనక్కి పెట్టుకోవాలి, లేకపోతే అవి వాటంతటవే పిల్లల పనిలోకి వెళ్ళిపోతాయని ఆవిడ అనేవారు. నాకది నరకంలా ఉండేది. పక్కన ఒక పిల్ల తప్పు లెక్క చేస్తూ ఉంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. పది నిమిషాలకోసారి గడియారం చూసేదాన్ని, కాలు ఊపేదాన్ని, మంచినీళ్ళ నెపంతో లేచేదాన్ని. మొదటి వారం నేను రాసిన పుస్తకంలో "ఈ పిల్లవాడు బద్ధకస్తుడు", "ఈ పిల్లకి అల్లరి ఎక్కువ" అన్న వాక్యాలన్నిటి కిందా మేడంగారు పెన్సిల్‌తో సన్నగా గీత గీసి, పక్కన ఒకే ప్రశ్న రాశారు: "ఇది చూశావా, అనుకున్నావా?" ఆ ప్రశ్నకి ఉక్రోషం వచ్చింది. బస్సులో సత్తెనపల్లి దాకా మనసులో ఆవిడతో వాదిస్తూ వెళ్ళాను.

సంక్రాంతి సెలవుల తరవాత మాకు పిల్లలతో పని చేసే వంతు వచ్చింది. నా వంతుకు వచ్చిన గుంపులో తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె ఉండేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒకటి కదుపుతూ అచ్చం నాలాగే ఉండేది. అందుకేనేమో ఆ పిల్లంటే నాకు ఇష్టమూ ఎక్కువే, విసుగూ ఎక్కువే. వాళ్ళ నాన్న మిర్చి కొట్లో గుమాస్తా. మా దగ్గర లెక్కలకి పూసలుండేవి, ఒక్క పూస ఒకటి, పది పూసలు గుచ్చిన కడ్డీ పది, అలా పేర్చుకుంటూ పోతే వెయ్యి పూసల దిమ్మ ఒకటి. ఒక రోజు ఆ పిల్ల వెయ్యి దిమ్మను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "టీచర్, మిరపకాయల టిక్కీలో ఇట్టాంటి వెయ్యిలు ఎన్నుంటాయి?" అని అడిగింది. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టే గోనెబస్తా, మన వైపు వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. నాకు జవాబు తెలియదు. తెలిసినా చెప్పకూడదు. ఆ వయసు పిల్లలకి ఒక సందేహం వస్తే, అది తీరే చోటుకి వాళ్ళంతట వాళ్ళే ఏర్పాట్లు చేసుకుని వెళ్ళాలి, పెద్దవాళ్ళు తోడు మాత్రమే ఉండాలి. మేం నేర్చుకున్న పద్ధతిలో అది ముఖ్యమైన భాగం. ఆ పిల్లా ఇంకో ఇద్దరూ కలిసి నరసరావుపేట రోడ్డులో మిరప కల్లం ఉన్న ఒక రైతుకి ఉత్తరం రాశారు, బస్సు వేళలు కనుక్కున్నారు, ఇళ్ళలో అనుమతి తెచ్చుకున్నారు. వాళ్ళకి తోడుగా, పది అడుగుల వెనకాల నడవడానికి మేడంగారు నన్ను పంపించారు.

ఫాల్గుణమాసపు ఎండ. కల్లం నిండా ఎర్రటి కాయలు, బస్సు దిగుతూనే అందరికీ తుమ్ములు. రైతు పెద్దాయన పిల్లల్ని చూసి మురిసిపోయి, ఒక కిలో తూచి ఎన్ని కాయలో లెక్కపెడితే టిక్కీ లెక్క అదే తేలుతుందని కాటా దగ్గరికి తీసుకెళ్ళాడు. నేను మేడంగారు చెప్పినట్టే పది అడుగుల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి చూస్తే కాటా దగ్గర ఇద్దరే ఉన్నారు. ఆ పిల్ల లేదు.

అటువైపు రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఇటువైపు బోరు దగ్గర లోతైన నీళ్ళ తొట్టి. పేరు పెట్టి అరుస్తూ తొట్టిలోకి తొంగిచూశాను, రోడ్డు మీదికి పరిగెత్తాను, కాయల మీద కప్పిన పట్టాలు ఎత్తి ఎత్తి చూశాను. చివరికి కుట్టి పేర్చిన టిక్కీల వెనకాల కనబడింది. తెల్లబారిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళ మధ్య బాసింపట్టు వేసుకుని, ముందు కిలో కాయలు పోసుకుని, పదేసి చొప్పున చిన్న చిన్న కుప్పలు పెడుతోంది. నా అరుపులు వినపడనంత ధ్యాసలో ఉంది. నేను వెళ్ళి జబ్బ పట్టుకుని లేపి, చెంప మీద ఒక్కటి వేశాను.

కుప్పలన్నీ కాళ్ళ కింద చెదిరిపోయాయి. ఆ పిల్ల ఏడవలేదు. కింద చూసి, "లెక్క పోయింది టీచర్," అంది. "ఆరొందల నలభై దాకా వచ్చాను."

మరుక్షణం చెంప పట్టుకుంది. పట్టాలు ఎత్తిన నా చేతి నిండా మిరప కారం. కొట్టిన చోట భగ్గుమని మండి, కంటికి కూడా తగిలింది. అప్పుడు ఏడ్చింది. తాలు ఏరేవాళ్ళలో ఒక పెద్దామె తన క్యారియర్లో మజ్జిగ తీసి చెంపకి రాసింది, ఇంకొకామె కళ్ళు కడిగింది. పెద్దామె నా వైపు తిరిగి, "ఏందమ్మా నువ్వు? పిల్ల ఏం తప్పు చేసిందని? మా కాడ కూచోని కాయలు లెక్కెట్టుకుంటోంది, అంతేగా! కొట్టేదానివి చెయ్యన్నా కడుక్కుని కొట్టొచ్చుగా!" అని అందరి ముందూ అనేసింది. రైతు మాత్రం నా మీద జాలిపడి, కాయ ఘాటు తగిలిందని ఇంట్లో చెప్పండమ్మా, అందరికీ తగిలేదేగా అన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది. నిజం చెప్పాలంటే, తిరుగు బస్సులో గుంటూరు వచ్చేదాకా ఆ మాటనే పట్టుకుని కూర్చున్నాను.

పిల్లల్ని బళ్ళో అప్పగించి సత్తెనపల్లి బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోలేకపోయాను. లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను, కండక్టరు వింతగా చూశాడు. అరచెయ్యి ఇంకా మండుతోంది. పేరేచర్లలో బస్సు ఆగగానే ఏమీ ఆలోచించకుండా దిగేసి, ఎదురుగా వచ్చిన గుంటూరు బస్సు ఎక్కి తిన్నగా మేడంగారింటికి వెళ్ళాను. ఆవిడ వసారాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. జరిగిందంతా నిలబడే చెప్పాను. ఆవిడ చేతిలో పని ఆపలేదు, నా ముఖంలోకి చూడలేదు. అంతా అయ్యాక, "పిల్లకి చెప్పావా?" అన్నారు.

"ఏం చెప్పాలండీ?"

"తప్పు చేశానని."

"లేదండి. ముందు మీకు చెబుదామని..."

"దెబ్బ తిన్నది నేను కాదు కదమ్మా," అన్నారు ఆవిడ.

ఆ పిల్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి దీపాలు పెట్టే వేళయింది. తల్లి నన్ను చూసి కంగారుగా కుర్చీ వేసింది. నేను కుర్చీలో కూర్చోకుండా, చాప మీద హోంవర్కు చేసుకుంటున్న పిల్ల ఎదుట కూర్చుని, నిన్ను కొట్టాను, కొట్టకూడదు, తప్పు నాదే అని చెప్పాను. ఒక పిల్లకి ఆ మాట చెప్పడం నా జన్మలో అదే మొదలు. పిల్ల పెన్సిలు నోట్లో పెట్టుకుని వింది. నా మాట పూర్తి కాకుండానే తల్లి అడ్డం వచ్చి, "అయ్యో, దానికింతదూరం వచ్చారా! ఒక్కటేగా వేసింది, ఇంకో రెండు తగిలించాల్సింది. ఇది అసలు మాట వినదు టీచర్‌గారూ," అని నవ్వింది. కల్లంలో ఆ పెద్దామె తిట్టిన తిట్టు కంటే ఈ నవ్వు నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఏడేళ్ళపాటు ఇటువంటి తల్లుల మెప్పు కోసమే కదా స్కేలు పట్టుకు తిరిగాను. పిల్ల మాత్రం కళ్ళెత్తి, "మళ్ళీ ఎప్పుడెళ్దాం? మొదట్నుంచీ లెక్కపెట్టాలిగా," అని అడిగింది.

మళ్ళీ వెళ్ళలేదు. బడివాళ్ళు కొన్నాళ్ళపాటు అటువంటి ప్రయాణాలు ఆపేశారు, అది నా వల్లే. అనుమతి వచ్చేసరికి కల్లాలన్నీ ఖాళీ అయి సరుకు కోల్డ్ స్టోరేజీలకి వెళ్ళిపోయింది. జూన్‌లో ఆ పిల్లని వాళ్ళ నాన్న ర్యాంకుల బడికి మార్చేశాడు. మా జట్టులో అందరూ చివరి పరీక్షకి కూర్చున్నారు, నన్ను మేడంగారు కూర్చోనివ్వలేదు. ఇంకో ఆరు నెలలు ఆ మూల కుర్చీలోనే కూర్చోమన్నారు. ఇంట్లో ఆ మాట చెప్పినప్పుడు మా వారు మూడు రోజులు ముభావంగా ఉన్నారు, మా అత్తగారు మాత్రం, "మధ్యలో మానేస్తే ఇన్నాళ్ళు కట్టిన క్యారియర్లు దండగ కాదూ," అని తేల్చేశారు. ఆరు నెలలూ కూర్చున్నాను. కాలు ఊపడం తగ్గింది అనను, ఊపుతూనే చూడటం నేర్చుకున్నాను. ఒక పిల్లవాడు నలభై నిమిషాలు ఊరికే తిరిగి తిరిగి, ఎవరూ పిలవకుండానే వచ్చి పనిలో కూర్చోవడం మొదటిసారి ఆ కుర్చీలోంచే చూశాను. ఆ తరవాత ఇరవై ఏళ్ళకి పైగా పిల్లల మధ్య పని చేశాను. రెండుసార్లు చెయ్యి లేచింది. పడలేదు.

ఇప్పుడు గుంటూరులోనూ ఒంగోలులోనూ చిలకలూరిపేటలోనూ వీధికొకటి మాంటిస్సోరి బోర్డు కనిపిస్తుంది, లోపల ఏముందో ఆ బోర్డుకే తెలియాలి. బెత్తం పోయింది, మంచిదే, మన వీపులకి ఆ సంగతి తెలుసు. కాని బెత్తంతో పాటు తీరిక కూడా పోయినట్టుంది. నేను ఉద్యోగం మానే ముందు ఆఖరి ఏడాది, ప్రతి పిల్లా ప్రతి అరగంటా ఏం చేసిందో కంప్యూటరులో నింపాలని కొత్త నియమం వచ్చింది. ఒక వానరోజు ఒక చిన్నపిల్ల కిటికీ ఊచలు పట్టుకుని గంటసేపు నిలబడింది, నేను ఆ గళ్ళలో "వాన చూసింది" అని నింపాను. ఆఫీసులో పనిచేసే అమ్మాయి, పాపం మంచిదే, మర్యాదగా నా దగ్గరికి వచ్చి, "మేడం, ఇది ఏ సబ్జెక్టు కింద వెయ్యమంటారు?" అని అడిగింది. ఆ పిల్ల అప్పటికింకా కిటికీ దగ్గరే ఉంది. నేను ఆ అమ్మాయికి కిటికీ వైపు చూపించాను. ఆఫీసు అమ్మాయి కాసేపు అటు చూసి, కంప్యూటరులో ఆ గళ్ళు ఖాళీ చేసేసి వెళ్ళిపోయింది.