పుండు లేని చేప

ముందు సరుకులో వంక చూపించాలి, ఆ తర్వాతే ధర అడగాలి. నంద్యాలలో మా నాయన కిరాణా అంగట్లో కూర్చుని నేను నేర్చుకున్న చదువు ఇదొక్కటే. బంగారంలాంటి కందిపప్పునైనా పుచ్చిందని మొహం చిట్లించగలను. అలవాటు ముదిరి మా ఇంటామె వంటకు కూడా వంక పెట్టి, పస్తు పడుకున్న ఘనుణ్ణి.

మొన్న వానల్లో, ఇప్పుడు మేముండే ఆళ్లగడ్డలో ఎప్పుడూ కొనే చేపలామె దగ్గరికి పోయాను. కడుపుతో ఉన్న మా కూతురు పుట్టింటికొచ్చి కొన్ని వారాలైంది, మళ్లీ చేపల పులుసు అడిగింది. బుట్టలో బొచ్చె చేపనొకదాన్ని తిప్పి చూస్తే పొట్ట కింద ఎర్రటి పుండు. నాకు పండగే.

"ఏందిమా, రోగం చేపను అమ్ముతాండావు?"

తిడుతుందనుకున్నా. "నీకు తోచింది ఇచ్చి తీస్కపో అన్నా," అంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అడగంగానే దిగే ధరను నమ్మొద్దనేవాడు మా నాయన.

"యాడిది?"

"బ్యాటరీల షెడ్డు కాడి చెరువుది. నేనెప్పుడూ ఆడిదే కదా తెచ్చేది. ఈ నడుమ శానా వాటికి పుండ్లు లేస్తాండాయి."

పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు అది. వానొస్తే దాని నీళ్లన్నీ ఆ చెరువులోకే. చేపల శాఖలో పనిచేసి రిటైరైన మా బావకు ఫోన్ చేశాను.

"నీళ్లలో రోగాల పురుగులు ఎప్పుడూ ఉంటాయప్పా. చేప తట్టుకుంటాది. సీసం ఒంట్లో చేరితే ఆ తట్టుకునే శక్తి తగ్గుతాది. అప్పుడు చిన్న గీత కూడా పుండైతాది. పరీక్ష చెయ్యకుండా అదే కారణమని చెప్పలేను. నువ్వైతే కొనొద్దు."

"పుండు కోసేసి వండితే?"

"సీసం కండలో యాడుండాదో నీకు కనపడ్తాదా? ఉడికించినా పోదు. దీంట్లో గూడా బేరమేనా?"

"పోనీ, పుండు లేని చేప?"

"అదే నీళ్లలో పెరిగింటే దాంట్లోనూ ఉండొచ్చు. అది ఇంకా తట్టుకుంటాండాది, అంతే."

ఫోన్ పెట్టేశాను. కూతురొచ్చినప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆ బుట్టలోంచే తెచ్చాను. వంక దొరక్క, అడిగినంతా ఇచ్చి, ఏరి ఏరి తెచ్చిన నిగనిగలాడే చేపలు.

ఉత్త సంచితో ఇల్లు చేరాను. "రేటు కుదరలేదా నాయనా?" అని నవ్వింది మా కూతురు. మామూలు పరీక్షలే అని చెప్పి, ఆ మధ్యాహ్నమే నంద్యాలకు తీసుకుపోయాను. కూతుర్ని బయట కూర్చోబెట్టి చెప్తే డాక్టరమ్మ అంతా విని, సీసం ఉందేమో రక్తపరీక్ష చేయించమని రాసిచ్చింది.

ల్యాబులో అమ్మాయి ఖరీదు చెప్పింది. నేను మారుమాట లేకుండా తీసిచ్చాను.

నా కూతురి నవ్వు అక్కడ ఆగిపోయింది. నా మొహంలోకి చూస్తూ పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది.

"నాయనా, నిజం చెప్పు. నాకేమైంది?"